బరంపురంలో విడిది: 31 మందికి గదుల ఖర్చు రూ.68,468 నుంచి రూ.19,215కి ఎలా దిగింది

ఆడపెళ్లివారిది బరంపురం. మగపెళ్లివారు హైదరాబాద్, విశాఖ, శ్రీకాకుళం, పలాస, ఇచ్ఛాపురం నుంచి రావాలి. మొత్తం 31 మంది: పెద్దవాళ్లు 26, పిల్లలు 5. పిల్లల్లో ముగ్గురు అయిదేళ్లు దాటినవాళ్లు. ముహూర్తం శనివారం రాత్రి 1.40కి. విడిది ఏర్పాటు ఆడపెళ్లివారిదే కాబట్టి పెళ్లికూతురి అన్నయ్య ఒక బుకింగ్ యాప్‌లో 13 డబుల్ రూములు ఎంచి, శుక్రవారం, శనివారం రెండు రాత్రులకూ డబ్బు కట్టబోయే ముందు ఆ స్క్రీన్‌షాట్‌ను మా బుకింగ్ డెస్కుకు పంపారు. అడిగింది ఒక్కటే: "ఈ రేటులో ఇంకేమైనా తగ్గుతుందా?"

తగ్గింది, కానీ రేటులో తగ్గింది తక్కువే.

ముందు ఆ స్క్రీన్‌షాట్ సంగతి. లిస్టులో పెద్ద అక్షరాల్లో కనబడే ధర రూ.2,199. టిఫిన్ అందులోనే. డబ్బు కట్టే పేజీకి వెళ్తే "ట్యాక్సులు, ఫీజులు" పేరుతో మరో రూ.289 కలిసింది. విడదీసి చూస్తే అందులో జీఎస్టీ రూ.110, మిగిలిన రూ.179 యాప్ తన సేవకు వేసుకున్న ఫీజు. అంటే గది రూ.2,488. 13 గదులకు రెండు రాత్రులంటే 26 అద్దెలు, రూ.64,688. ముగ్గురు పిల్లలకు తలకు రోజుకు రూ.600 చొప్పున రూ.3,600, దాని మీద జీఎస్టీ రూ.180. వెరసి రూ.68,468.

ఇలా ధరను చివరి పేజీ దాకా దాచి కొంచెం కొంచెంగా పెంచడాన్ని కేంద్రం 2023 నవంబరు 30న నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మభ్యపెట్టే ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో చేయకూడని పనుల జాబితాలో చేర్చారు. "ఒక్క గదే మిగిలింది" అని ఎర్ర అక్షరాల్లో తొందరపెట్టడం కూడా అదే జాబితాలో ఉంది. ఆ ఎర్ర అక్షరాల లెక్క చాలాసార్లు ఆ యాప్‌కు హోటల్ కేటాయించిన గదులకే వర్తిస్తుంది, హోటల్లోని మొత్తం గదులకు కాదు. ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయే విషయం. అందుకే రెండు యాప్‌లను పోల్చాలన్నా, యాప్‌ను హోటల్ చెప్పిన ధరతో పోల్చాలన్నా, డబ్బు కట్టే బటన్ పక్కనున్న అంకెనే తీసుకోవాలి. లిస్టులో ఉన్న అంకెతో పని లేదు.

రెండో రాత్రి ఎందుకొచ్చింది

ఆ 13 గదుల లెక్కలో అసలు చిక్కు శుక్రవారం రాత్రి. శుక్రవారం రాత్రి ఈ 31 మందిలో ఒక్కరూ బరంపురంలో ఉండరు. హైదరాబాద్ వాళ్లు అప్పటికి రైల్లో ఉంటారు. మరి ఆ అద్దె ఎందుకంటే, హోటల్ చెక్ ఇన్ మధ్యాహ్నం 12కి, వీళ్లు శనివారం పొద్దున ఆరుకే దిగుతారు. పొద్దున్నే గది కావాలంటే ముందు రాత్రి అద్దె కూడా కట్టాల్సిందేనని పెళ్లికూతురి అన్నయ్య అనుకున్నారు. ఆ హోటల్ వరకు అది నిజమే. కానీ ఊళ్లో హోటళ్లన్నీ మధ్యాహ్నం లెక్క మీదే నడవవు.

బరంపురంలో ఇప్పటికీ 24 గంటల చెక్ అవుట్ లాడ్జీలున్నాయి. వాటిలో తాళం చేతికిచ్చిన గంట నుంచి రోజు లెక్క మొదలవుతుంది. ఉదయం 6.30కి దిగితే మర్నాడు 6.30 దాకా ఒక్క అద్దె. ఆ పైన గంటో రెండు గంటలో ఊరుకుంటారు, అదీ దాటితే సగం అద్దెకు 12 గంటలు ఇస్తారు. పూరీ వైపు పాత లాడ్జీల్లో దీనికి తలకిందులు: పొద్దున 8కే ఖాళీ చేయమంటారు. ఒకే రోజు, ఒకే రేటు, అయినా ఏ గంటకు దిగి ఏ గంటకు వెళ్తారన్న దాన్ని బట్టి ఒకచోట ఒక అద్దె, మరోచోట రెండు అద్దెలు పడతాయి. మేం రేటు అడిగే ముందే చెక్ ఇన్, చెక్ అవుట్ గంటలు అడుగుతాం.

కాబట్టి 31 మందినీ కుటుంబాల వారీగా కాకుండా బండి టైముల వారీగా విడగొట్టాం.

హైదరాబాద్ వాళ్లు 14 మంది: 10 మంది పెద్దవాళ్లు, నలుగురు పిల్లలు. శనివారం ఉదయం రాక, ఆదివారం సాయంత్రం బండికి పోక. విశాఖ, శ్రీకాకుళం వాళ్లు 11 మంది: 10 మంది పెద్దవాళ్లు, ఒక పాప. పెళ్లికొడుకూ, అమ్మానాన్నలూ ఈ లెక్కలోనే. శనివారం మధ్యాహ్నానికి కార్లలో వచ్చి ఆదివారం 11 ప్రాంతంలో బయల్దేరతారు. పలాస, ఇచ్ఛాపురం వాళ్లు ఆరుగురు. సాయంత్రం వచ్చి తలంబ్రాలు అయ్యాక తెల్లారగట్ల సొంత బండ్లలోనే వెళ్లిపోతారు. ఇచ్ఛాపురం ఎంత దూరం గనక!

ఈ ఆరుగురికి వేసిన మూడు గదులూ మొదట ఎగిరిపోయాయి. కల్యాణ మండపం అద్దెలోనే రెండు ఏసీ గదులు కలిసి ఉన్నాయి, ఆ సంగతి రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. బట్టలు మార్చుకోవడానికి, నడుం వాల్చడానికి అవి చాలు. మండపం మాట్లాడేటప్పుడు గదులెన్ని, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, గీజర్ పని చేస్తుందా అని అడిగేవాళ్లు తక్కువ. డబ్బు కట్టేసిన గదులే తాళం తీయకుండా ఉండిపోతాయి.

హైదరాబాద్ వాళ్ల నాలుగు గదులు

వీళ్లకు 24 గంటల లాడ్జీ చూశాం. 10 మంది పెద్దవాళ్లకు అయిదు డబుల్ రూములు అవసరం లేదు. మూడు మంచాల గది రూ.1,800, రెండు మంచాల గది రూ.1,400. మూడు మంచాలవి రెండు, రెండు మంచాలవి రెండు తీసుకుంటే పదిమందీ సరిపోయారు. అయిదేళ్లు దాటిన పిల్లలిద్దరికి అదనపు పరుపు ఒక్కోటి రూ.250, అదీ మొత్తం బసకు కలిపి ఒక్కసారే. చిన్నపిల్లలిద్దరికీ ఏమీ లేదు. అదనపు పరుపు అనగానే "రోజుకా, బసకా?" అని అడగాలి. అడగకపోతే రోజుకే పడుతుంది.

నాలుగు గదులూ పొద్దున్నుంచే తీసుకోనక్కర్లేదు. స్నానాలకు, సామాను పెట్టుకోవడానికి మూడు చాలు. శనివారం పగలంతా వాళ్లు పెళ్లివారింట్లోనో మండపంలోనో ఉంటారు. నాలుగో గదిని సాయంత్రం 5కి తీసుకుంటే ఆదివారం 5 దాకా ఒక్క అద్దెతో పోయింది. మిగతా మూడింటికి ఒకటిన్నర అద్దె. పొద్దున రెండు గదులతోనే సరిపెడితే ఇంకో రూ.700 మిగిలేవి గాని, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన 14 మందికి రెండు బాత్‌రూములంటే ఆడపెళ్లివారి పరువు పోతుంది. ఆ మాత్రం ఖర్చు పెట్టాల్సిందే.

లెక్క ఇదీ: మూడు మంచాలవి రెండు, ఒకటిన్నర అద్దె చొప్పున రూ.5,400. రెండు మంచాలది ఒకటి, ఒకటిన్నర అద్దెకు రూ.2,100. ఇంకొకటి ఒక అద్దెకు రూ.1,400. పరుపులు రూ.500. మొత్తం రూ.9,400, జీఎస్టీ 5 శాతం రూ.470 కలిపితే రూ.9,870.

ఇక్కడ డబ్బుకు సంబంధం లేని చిక్కు ఒకటుంది. పెళ్లికొడుకు వాళ్లకు హోటల్, హైదరాబాద్ నుంచి వచ్చే ఆయన పెదనాన్నగారి వాళ్లకు లాడ్జీ అంటే మాట పడాల్సి వస్తుంది. విడిది దగ్గర ఆడపెళ్లివారు ఎక్కువ డబ్బు పోసేది ఈ మొహమాటానికే. దాన్ని ముందే తీర్చుకోవాలి. లిఫ్టు, ఏసీ, వెస్టర్న్ టాయిలెట్, ఉదయం 6 నుంచే వేడినీళ్లు, ఈ నాలుగూ ఉన్న లాడ్జీయే చూడాలి. గదులను స్వయంగా వెళ్లి చూసి, ఫొటోలు తీసి పంపాలి. ఆ పైన పెళ్లికూతురి నాన్నగారే వియ్యంకుడికి ఫోన్ చేసి చెప్పారు: "బావగారూ, మీ అన్నయ్యగారి వాళ్లు పొద్దున ఆరుకే దిగుతున్నారు. ఆ హోటల్లో అయితే మధ్యాహ్నం దాకా లాబీలో కూర్చోబెడతారు. ఇక్కడ దిగంగానే గది చేతికొస్తుంది." సమస్య అక్కడితో సర్దుకుంది. ఈ ఫోన్ పెళ్లికి వారం ముందు వెళ్తే మర్యాదగా ఉంటుంది. స్టేషన్లో దిగాక చెప్తే సాకులా ఉంటుంది.

హోటల్ మేనేజరుతో బేరం

విశాఖ, శ్రీకాకుళం వాళ్ల టైములు హోటల్ మధ్యాహ్నం లెక్కకు అతికినట్టు సరిపోయాయి. యాప్‌లో చూసిన హోటలే, అయిదు డబుల్ రూములు, ఒక్క రాత్రి. ఇక్కడ రేటు మీద బేరం పనికొస్తుంది, ఎందుకంటే హోటల్‌కు చేతికి ఎంతొస్తుందో బయటివాళ్లు కూడా లెక్క వేయవచ్చు.

యాప్ కమిషన్ హోటల్‌ను బట్టి మారుతుంది, 20 శాతం అనుకుందాం. రూ.2,199లో కమిషన్ రూ.440. కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ మరో రూ.79. గదికి 5 శాతం పన్ను వసూలు చేసే హోటల్‌కు ఇన్‌పుట్ క్రెడిట్ (తాను కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుకునే వీలు) రాదు కనక ఆ రూ.79 కూడా దాని నెత్తినే. చివరికి చేతికొచ్చేది రూ.1,680. అందులోంచే ఇద్దరికి టిఫిన్ పెట్టాలి.

పెళ్లి మర్నాడు తెల్లారి 5కి గదికి చేరినవాళ్లు 7 నుంచి 10 మధ్య టిఫిన్‌కు దిగరు. అందుకని టిఫిన్ వద్దన్నాం, గది మాత్రమే రూ.1,700కి అడిగాం. హోటల్‌కు యాప్ ఇచ్చేదానికంటే రూ.20 ఎక్కువే, వంటింటి ఖర్చు ఆదా, డబ్బు నేరుగా చేతికి. మేనేజరు రెండో మాట లేకుండా ఒప్పుకున్నారు. రూ.1,400 అని అడిగితే ఫోన్ పెట్టేసేవారు, ఆయన్ని తప్పు పట్టలేం.

ఈ బేరానికి రెండు జాగ్రత్తలు. రిసెప్షన్‌లో ఉండే కుర్రాడికి రేటు తగ్గించే అధికారం ఉండదు, మేనేజరు నంబరు తీసుకోవాలి. మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య, చెక్ అవుట్ల హడావుడి తగ్గాక మాట్లాడాలి. "యాప్‌తో ఒప్పందం ఉంది, అంతకంటే తక్కువకు ఇవ్వలేం" అన్న మాట కొన్నిచోట్ల వినిపిస్తుంది. అలాంటి షరతుల విషయంలోనే కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో మేక్‌మైట్రిప్, గోఐబిబో సంస్థలకు రూ.223.48 కోట్లు జరిమానా వేసింది. హోటల్ ఇతర యాప్‌లలో తక్కువకు అమ్ముకోకుండా కట్టేసే షరతులను తీసేయమని మేక్‌మైట్రిప్, గోఐబిబోలను ఆదేశించింది. మేనేజరుతో వాదనకు దీన్ని వాడక్కర్లేదు, బెదిరింపులా ఉంటుంది. నేరుగా అడగడానికి మొహమాటపడేవాళ్లు తెలుసుకుంటే చాలు.

అయిదు గదులకు రూ.8,500, పాపకు పరుపు రూ.400, జీఎస్టీ రూ.445, మొత్తం రూ.9,345.

అయితే ఈ ధర ఆరు వారాల ముందు దొరికిన ధర. బరంపురంలో తెలుగు పంచాంగం ఒక్కటే చూసుకుంటే సరిపోదు, ఒడియా పాంజి కూడా తిరగేయాలి. రెండింట్లోనూ లగ్నాలున్న శనివారమైతే మండపాలతో పాటు గదులూ బిగుసుకుంటాయి. మూఢం విడిచాక వచ్చే మొదటి ముహూర్తాలకు మరీను. ఆదివారం పోటీ పరీక్షలున్న వారాల్లో శనివారం రాత్రికే లాడ్జీలు నిండుతాయి. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ చుట్టుపక్కల లాడ్జీల్లో రోగుల తాలూకు మనుషులు ఎప్పుడూ ఉంటారు కనక అక్కడ పెళ్లి బృందానికి వరసగా గదులు దొరకడం కష్టం. రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి యాత్ర రోజుల్లోనూ, తారాతారిణి చైత్ర మంగళవారాల ముందు రాత్రుల్లోనూ బేరానికి తావు లేదు, గది దొరికితే అదే పదివేలు.

అడ్వాన్సుకు ముందు

ఫోన్లో ఒప్పుకున్న ధర కౌంటర్ దగ్గర నిలబడదు. షిఫ్టు మారుతుంది, మేనేజరు సెలవులో ఉంటారు. అందుకని హోటల్ నంబరు నుంచే వాట్సాప్‌లో ఈ వివరాలన్నీ ఒక్క మెసేజ్‌గా తెప్పించుకోవాలి: తేదీ, గదుల సంఖ్య, ఏసీయా కాదా, పన్ను కలిపి గదికి ఎంత, పరుపుకి ఎంత, చెక్ ఇన్ గంట, చెక్ అవుట్ గంట, ఆలస్యమైతే ఎంత, రద్దు చేస్తే ఎన్ని రోజుల ముందు దాకా అడ్వాన్సు వెనక్కి వస్తుంది. హోటల్ వాళ్లు "ఓకే సర్" అని మాత్రమే పంపితే కుదరదు. మనమే రాసి పంపి, దాని కింద "కన్‌ఫర్మ్‌డ్" అని వాళ్ల పేరుతో రాయించుకోవాలి. ఆ తరవాతే అడ్వాన్సు, అదీ నాలుగో వంతుకు మించకుండా.

యూపీఐలో డబ్బు పంపే ముందు తెర మీద వచ్చే పేరు హోటల్‌దో, యజమానిదో అయి ఉండాలి. నెట్‌లో వెతికితే దొరికే నంబర్లన్నీ హోటళ్లవి కావు. పూరీ, గోపాలపూర్ హోటళ్ల పేర్లతో దొంగ సైట్లు, దొంగ నంబర్లు తిరుగుతుంటాయి. సగం ధరకే గది, మొత్తం ఇప్పుడే కట్టండి అంటే అనుమానించాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ ఆపడం కష్టం.

అక్కడ ఎదురైన ఇబ్బందులు

శనివారం ఉదయం లాడ్జీలో మూడు మంచాల గది ఒకటి 6.30కి సిద్ధంగా లేదు. 8కి ఇచ్చారు. 24 గంటల పద్ధతికి పుట్టుకతో ఉన్న లోపమిది: అందరూ ఒకే గంటకు ఖాళీ చేయరు కనక, ముందున్న అతిథి గడువు ఎప్పుడు తీరుతుందో అప్పుడే మనకు గది. బుక్ చేసేటప్పుడే "ఆ పొద్దున ఈ గదుల్లో ఎవరుంటారు, వాళ్ల గడువు ఎన్నింటికి?" అని అడిగి, ముందు రోజు రాత్రి మళ్లీ ఒకసారి ఫోన్ చేయాలి. ఇక్కడ ముందు రోజు ఫోన్ వెళ్లింది కాబట్టే మిగతా రెండు గదులైనా టైముకు దొరికాయి.

గది ఆలస్యంగా ఇచ్చినా రిజిస్టర్‌లో మాత్రం అన్ని గదులకూ 6.30 అనే రాశారు. రాక సమయం అన్న గడిలో కౌంటర్ మీద కుర్రాడు అలవాటుగా ఒకే అంకె దించుకుంటూ పోతాడు. సంతకం పెట్టేవాళ్లు పేరు, ఆధార్ నంబరు చూసుకుంటారు గాని ఆ గడి చూడరు. మర్నాడు లెక్క కట్టేది మాత్రం ఆ గడిని బట్టే. ఆ గదికి ఎదురుగా 8.00 అని దిద్దించి, పక్కన కుర్రాడితో పొట్టి సంతకం చేయించి, పేజీ ఫొటో తీశారు.

ఆదివారం బిల్లులు రెండింట్లోనూ తేడా వచ్చింది. లాడ్జీ బిల్లులో జీఎస్టీ 12 శాతం వేశారు. రోజుకు రూ.7,500 దాకా ఉండే గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. కంప్యూటర్లో పాత శ్లాబు మార్చని చోట ఇంకా 12 పడుతోంది. రూ.9,400 మీద రూ.470 పడాల్సింది రూ.1,128 పడింది, రూ.658 ఎక్కువ. చూపించగానే మార్చారు. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉందో లేదో కూడా చూడాలి, ఒడిశాలో అయితే అది 21తో మొదలవుతుంది. నంబరు లేని చిన్న లాడ్జీకి అసలు జీఎస్టీ వసూలు చేసే హక్కే లేదు. అనుమానం వస్తే జీఎస్టీ పోర్టల్‌లో నంబరు కొట్టి చూడవచ్చు, లాగిన్ అక్కర్లేదు.

హోటల్ బిల్లులో 5 శాతం సర్వీస్ చార్జి కలిపారు. వాట్సాప్ మెసేజ్‌లో అది లేదు. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4 మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదు. ఆ మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. తీసేయమంటే తీసేశారు. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, కానీ పెళ్లివారిని కార్లో కూర్చోబెట్టి ఫిర్యాదు నమోదు చేసే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ మెసేజ్ తెరిచి చూపించడమే త్వరగా పనిచేస్తుంది.

ఎక్కడ ఎంత మిగిలింది

రూ.68,468కి బదులు రూ.9,870, రూ.9,345 కలిపి రూ.19,215. తేడా రూ.49,253. ఇందులో పలాస, ఇచ్ఛాపురం వాళ్ల మూడు గదులు రద్దు కావడం వల్ల రూ.14,928. మిగతా పది గదుల శుక్రవారం అద్దె, ఆ రాత్రి పిల్లల చార్జీ పోవడంతో రూ.26,770. రేటు బేరం, మూడు మంచాల గదులు, టిఫిన్, యాప్ ఫీజు అన్నీ కలిపి రూ.7,555 మాత్రమే, అదీ సగం అద్దెలు రూ.2,500 కట్టాక. బేరం మీద పెట్టిన శ్రమలో సగం బండి టైముల కాగితం మీద పెడితే చాలు.

విశాఖ వాళ్లలో రెండు జంటలు ఆదివారం రాత్రి గోపాలపూర్ సముద్రం ఒడ్డున ఉంటామన్నారు. బరంపురం నుంచి 16 కిలోమీటర్లే. అక్కడ రిసార్టు వాళ్లు టిఫిన్‌తో కలిపి గది రూ.7,600 అన్నారు. రూ.7,500 దాటితే పన్ను 18 శాతం, అంటే రూ.1,368, మొత్తం రూ.8,968. టిఫిన్ లేకుండా రూ.7,000కి అడిగితే పన్ను రూ.350, మొత్తం రూ.7,350. గది అద్దెలో కలిస్తే టిఫిన్ మీద కూడా గది పన్నే పడుతుంది. తేడా రూ.1,618తో ఇద్దరూ బయట తృప్తిగా తినొచ్చు. ప్రభుత్వ పంథనివాస్ కూడా గోపాలపూర్‌లో ఉంది, ఒడిశా పర్యాటక సంస్థ ఓటీడీసీ సైట్‌లో నేరుగా బుక్ చేసుకోవచ్చు. ఆదివారం రాత్రి కావడంతో గది దొరికింది, వాళ్లు చివరికి అక్కడే దిగారు.